దొంగతిండి జబ్బుకి నలుగురి మధ్యే వైద్యం

సంక్రాంతి వచ్చిందంటే మా గోదావరి జిల్లాల అల్లుళ్ళు పేపర్లకెక్కుతారు. బల్ల నిండా పరిచిన వంద పైచిలుకు వంటకాలు, వాటి ముందు బిక్కమొహంతో కొత్త అల్లుడు, పక్కన అమ్మాయి, వెనక నిలబడి నవ్వుతున్న అత్తమామలు. ఏటా ఇదే ఫొటో, ఊరే మారుతుంది. నాది భీమవరం. ఆ మర్యాద మీద నాకే ఫిర్యాదూ లేదు, ఉన్నది గర్వమే. కాకపోతే ఆ ఫొటో చూసినప్పుడల్లా ఒక అనుమానం పీకుతుంది. ఆ కుర్రాడికి నాకున్న జబ్బే ఉంటే?

మా అత్తగారు వడ్డిస్తుంటే నేను విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ, చాలండీ" అనేవాణ్ణి. మా అల్లుడు ఎంత మితంగా తింటాడో అని మామగారు ఊరంతా చెప్పుకునేవారు. అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా, ఫ్రిజ్ తలుపు వెలుగులో నిలబడి, చల్లబడిన బూరెల గిన్నె ఖాళీ చేసేది కూడా ఆ అల్లుడే. పొద్దున్నే గిన్నె కడిగి బోర్లించి ఉంటే పిల్లి పని అనుకోవడానికి కూడా వీల్లేదు. పాపం, వాళ్ళెప్పుడూ అడగలేదు.

దీని పేరు బింజ్ ఈటింగ్ డిజార్డర్. అమెరికా డాక్టరు ఆల్బర్ట్ స్టంకార్డ్ దీన్ని 1959లోనే వర్ణించి రాశాడు. అయినా అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల జాబితాలో దీనికి విడిగా చోటిచ్చింది 2013లోనే. తిండిపోతుతనానికీ దీనికీ తేడా ఉంది. పెళ్ళిలో నాలుగు గారెలు ఎక్కువ లాగించినవాడు మర్నాడు ఆ ముచ్చట నలుగురికీ చెప్పుకుని నవ్వుతాడు. ఈ జబ్బున్నవాడు చెప్పుకోడు. వాడు ఆకలి లేకపోయినా తింటాడు, రుచి కోసమూ కాదు. గంటా రెండు గంటల్లో మరొకరు తినలేనంత తింటాడు. ఆపుదామనుకున్నా చెయ్యి ఆగదు. కడుపు నొప్పెట్టేదాకా, ఎవరూ చూడకుండా తింటాడు. తిన్నాక తన మీద తనకే అసహ్యం. వారానికి ఒకసారైనా ఇలా మూడు నెలలు జరిగితే జబ్బు కింద లెక్క. తిన్నదాన్ని వేలు పెట్టి కక్కేస్తూ, విరేచనాల మందులు మింగుతూ ఉంటే అది బులీమియా. అసలు తిండే మానేసి ఎండిపోయేది అనొరెక్సియా, మానసిక జబ్బుల్లో ఎక్కువగా ప్రాణాలు తీసేవాటిలో అదొకటి. వాళ్ళలో ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి ముందు కావలసింది ఆసుపత్రి మంచం, గుండెనీ రక్తంలో పొటాషియాన్నీ కనిపెట్టి చూసే డాక్టరు. నేను చెప్పబోయేది ముఖ్యంగా నా బోటివాళ్ళ సంగతి. తిండి జబ్బులంటే అమ్మాయిలవే అనుకుంటారు గానీ, ఈ మూడింటిలో మగవాళ్ళ వాటా ఎక్కువగా కనిపించేది ఈ రకంలోనే.

బర్మింగ్‌హామ్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేసే రోజుల్లో మోకాలి నొప్పికని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్కడి నర్సు బరువు చూసి, మనవాళ్ళలా "తగ్గాలండీ" అనకుండా, "తినడం మొదలుపెట్టాక ఆపలేకపోయిన సందర్భాలు ఉంటాయా?" అని అడిగింది. అంతకుముందు నన్నెవరూ అడగని ప్రశ్న అది. లేదని చెప్పబోయి ఉందన్నాను.

అక్కడ ప్రభుత్వ వైద్యానికి నైస్ అనే సంస్థ దారి గీస్తుంది. 2017లో అది ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బుకి మొదట ఒక స్వయంసహాయక పుస్తకం ఇచ్చి, మధ్యమధ్య ఒక మనిషి పలకరిస్తూ చేయిస్తారు. నాలుగు వారాలైనా ఫలితం లేకపోతే గ్రూపులో కూర్చోబెడతారు. వారానికోసారి, గంటన్నర, పదహారు వారాలు. గ్రూపు లేకపోయినా, అందులో కూర్చోవడం ఇష్టం లేకపోయినా విడిగా చికిత్స ఇస్తారు. నా పుస్తకం పుస్తకంలాగే ఉండిపోయింది. గ్రూపుకి పంపారు.

ఇరుకు గది, గుండ్రంగా కుర్చీలు, నడిపించడానికి ఇద్దరు సైకాలజిస్టులు. ఒక లారీ డ్రైవరు, రిటైరైన బడి హెడ్‌మిస్ట్రెస్, మందుల షాపులో పనిచేసే గుజరాతీ ఆవిడ, ఇంకా కొందరు, వాళ్ళ మధ్య భీమవరం మనిషి. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలెయ్యాలన్నది నేను ఊహించిన నియమమే. ఊహించనిది రెండోది: అంకెలు చెప్పకూడదు. ఎన్ని కిలోలున్నావు, ఎన్ని కేలరీలు తిన్నావు, ఏ సైజు ప్యాంటు, ఎన్ని ప్యాకెట్లు, ఏదీ నోట రాకూడదు. అకౌంట్స్ మనిషిని, అంకెలు లేకుండా మాట్లాడమంటే మొదటి రోజు నాకు నోరే పెగల్లేదు. కారణం తర్వాత అర్థమైంది. ఒకరు చెప్పిన అంకె పక్కవాడికి పోటీ అవుతుంది, లేదంటే "నేను మరీ అంత కాదులే" అన్న సాకు అవుతుంది. ఒకరి ఒంటి గురించి ఒకరు మాట్లాడడం కూడా నిషేధమే, పొగడ్తయినా సరే. "సన్నబడ్డావే" అన్న మాట వినకుండా గంటన్నర గడపడం ఎంత హాయో మన పెళ్ళిళ్ళలో తిరిగేవాళ్ళకి చెప్పినా నమ్మరు.

రెండో వారమో మూడో వారమో లారీ డ్రైవరు నోరు విప్పాడు. ఆరడుగుల మనిషి, నేలకేసి చూస్తూ చెప్పాడు. మోటార్‌వే పక్కన బండి ఆపి తింటాడట. కాగితాలు, డబ్బాలు అక్కడ పడెయ్యకుండా, భార్య కంట పడతాయని, ఇంకో యాభై మైళ్ళు పోయాక వేరే చోట చెత్తబుట్టలో వేస్తాడట. అతను చెబుతున్నంతసేపూ నా కారు డిక్కీయే నాకు గుర్తొస్తోంది. అందులో స్టెప్నీ టైరు కింద అమ్మ పంపిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఉంది. ఖాళీ డబ్బాలు నేను ఆఫీసు చెత్తబుట్టలో, అదీ వేరే అంతస్తులో, పడేసేవాణ్ణి. ఇలాంటి పని ప్రపంచంలో నేనొక్కణ్ణే చేస్తానని అప్పటిదాకా నమ్మాను. మా ఆవిడ ఎన్నిసార్లు ప్రేమగా అడిగినా నోరు విప్పనివాణ్ణి, ముక్కూమొహం తెలియని తెల్లవాడు చెత్తబుట్ట గురించి చెప్పగానే విప్పేశాను.

గ్రూపు వైద్యం సంగతంతా దాదాపు ఇందులోనే ఉందని నా అభిప్రాయం. ఇర్విన్ యాలమ్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1970లో గ్రూపు చికిత్స మీద పుస్తకం రాస్తూ, అది ఎందుకు పనిచేస్తుందో కారణాలు లెక్కబెట్టాడు. నా ఒక్కడికే కాదన్న ఎరుక కలగడం వాటిలో ఒకటి. మిగతా జబ్బుల్లో అదొక ఊరట కావచ్చు. ఈ జబ్బులో అది సగం మందు, ఎందుకంటే ఈ జబ్బు బతికేదే చాటున. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ కాపలా కాస్తే చాటు ఇంకా పెరుగుతుంది. వంటింటికి తాళం వేసినచోట తిండి కారు డిక్కీలోకి పోతుంది. డాక్టరు ముందు కూర్చుంటే పరీక్షలో తప్పినట్టు ఉంటుంది. అదే పని చేసే ఇంకో మనిషి ముందు దాచడానికి ఏముంటుంది?

ఇది కబుర్లు చెప్పుకునే చోటనుకునేరు, చాకిరీ చాలానే ఉంది. మొదటిది, తిన్నదంతా రాయాలి. ఏ వేళకి, ఎక్కడ, ఒంటరిగానా నలుగురితోనా, అప్పుడు మనసులో ఏముంది. ఇప్పుడు నేను రొయ్యల మేత వ్యాపారుల లెక్కలు చూస్తూ బతుకుతున్నాను కాబట్టి మా భాషలో చెబుతాను. చెరువులో చెక్ ట్రే దించి, మేత ఎంత మిగిలిందో చూసి, రేపు ఎంత వెయ్యాలో రైతు తేల్చుకుంటాడు. రొయ్యని తిట్టడు. ఆ పుస్తకంలో రాయడమూ అంతే, తీర్పు చెప్పడానికి కాదు, చూసుకోవడానికి.

రెండోది నాకు మింగుడుపడలేదు. రాత్రి ఎంత తిన్నా సరే, పొద్దున్న టిఫిను మానకూడదు. మూడు పూటలా భోజనం, మధ్యలో చిరుతిండి, ఏ రెండింటి మధ్యా నాలుగు గంటలు దాటకూడదు. నేను చేసేది సరిగ్గా దానికి తలకిందులు. రాత్రి తిన్న పాపానికి మర్నాడు సాయంత్రం దాకా కడుపు మాడ్చుకునేవాణ్ణి. దాన్ని నిగ్రహం అనుకునేవాణ్ణి. ఆ మాడిన కడుపే రాత్రికి మళ్ళీ గిన్నె దగ్గరికి లాక్కుపోతుందని మాకు చెప్పడానికి ఒక పాత ప్రయోగం చూపించారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు ఆరు నెలలు సగం తిండి పెట్టాడు. అందరూ ఆరోగ్యవంతులు, యుద్ధంలో తుపాకి పట్టం అని ముందుకొచ్చినవాళ్ళు. నెలలు గడిచేసరికి వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేదు. కంచాలు నాకారు, వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. తిండి మళ్ళీ దొరికాక కొందరికి ఎంత తిన్నా తృప్తి తీరలేదు. ఈ కథ విని హెడ్‌మిస్ట్రెస్ గారు, "అయితే ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకున్నది నా ఆకలిని చూసా?" అంది. జవాబు ఎవరూ చెప్పలేదు.

నిలువుటద్దం ముందు నిలబడి, తిట్టుకోకుండా ఒంటిని వర్ణించమనే వారం కూడా ఒకటుంది. దాని గురించి ఎక్కువ చెప్పను. మన మగవాళ్ళం మీసం తప్ప అద్దంలో ఏమీ చూసుకోమని ఆ రోజు తెలిసింది.

అంతా బ్రహ్మాండంగా జరిగిందని కాదు. ఒకమ్మాయి కొన్ని వారాలకే మానేసింది. ఒకాయన మొదలుపెడితే ఆపేవాడు కాదు, నడిపేవాళ్ళు గట్టివాళ్ళు కాకపోతే గంటన్నరా ఆయనే మింగేసేవాడు. సరిగా నడపకపోతే దాచడం ఎలాగో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే చోటుగా గ్రూపు మారే ప్రమాదం కూడా ఉంది. అందుకే నియమాలు, అందుకే చదువుకున్న మనిషి. నలుగురిని వాట్సాప్‌లో కలిపేసి దాన్నే గ్రూపు థెరపీ అంటే నేను ఒప్పుకోను.

గుణం మాటకొస్తే, అమెరికాలో 162 మందిని రెండు రకాల గ్రూపుల్లో 20 వారాలు కూర్చోబెట్టి చేసిన పరిశోధన 2002లో అచ్చయింది. ఒక రకం గ్రూపు తిండి అలవాట్లూ ఆలోచనల మీద, రెండోది మనుషులతో సంబంధాల మీద పనిచేసింది. ముగిసేనాటికి రెండింట్లోనూ ముప్పాతిక వంతు మందికి ఈ తిండి పూనకం ఆగింది. ఏడాది తర్వాత చూస్తే ఆ సంఖ్య అరవై శాతం దగ్గర నిలిచింది. అంటే కొందరికి తిరగబెట్టింది, సగానికి పైగా నిలబడ్డారు. ఏ దారి పట్టినా ఫలితం ఇంచుమించు ఒకటే కావడం చూస్తే, గుండ్రంగా వేసిన ఆ కుర్చీల్లోనే ఏదో ఉందని నాకనిపిస్తుంది. పరిశోధకులు అంత తేలిగ్గా ఒప్పుకోరనుకోండి.

మరి నా బరువెంత తగ్గింది? తిరిగొచ్చాక భీమవరంలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న అదే. పెద్దగా తగ్గలేదు. ఈ చికిత్సకి బరువు తగ్గడం లక్ష్యం కాదని రోగికి ముందే చెప్పాలని నైస్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆపలేకపోవడం, దాచుకోవడం తగ్గాయి. నలుగురితో కూర్చుని నాలుగు గారెలు తిని లేస్తున్నాను. కానీ పెళ్ళిలో మా పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏరా అబ్బాయ్, లండన్ తిండి బాగా ఒంటబట్టినట్టుందే!" అంటే ఇదంతా చెప్పగలమా? ఆవిడకి ఇంగ్లండులో ఉన్న ఊరల్లా లండనే.

నాకు కోపం వచ్చేది పెద్దమ్మ మీద కాదు, బజారు మీద. హైదరాబాదులో దిగిన దగ్గర్నుంచి మా ఊరి బస్టాండు దాకా బరువు తగ్గిస్తామనే బోర్డులే. పొడి డబ్బాలవాళ్ళు, కషాయాలవాళ్ళు, రోజుల తరబడి అన్నం మాన్పించేవాళ్ళు, పొట్ట కోసి కుట్టేవాళ్ళు. 2025 మార్చిలో మౌంజారో ఇంజెక్షను మన దేశానికి వచ్చాక ఆ వరసలో మరొకటి చేరింది. ఇంజెక్షనూ ఆపరేషనూ అవసరమైనవాళ్ళు ఉంటారు, డాక్టర్లతో నాకు వాదన లేదు. కానీ అవి రాసే ముందు ఆ నర్సు అడిగిన ఒక్క ప్రశ్న మనవాళ్ళు ఎందుకు అడగరు? ఈ జబ్బున్న మనిషికి ఉపవాసాల డైటు చీటీ రాసివ్వడమంటే రాత్రికి మళ్ళీ గిన్నె దగ్గరికి పంపడమే. పేరు చెప్పను గానీ, ఇక్కడొక డాక్టరుగారికి నా జబ్బు వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, "నోరు కట్టుకోవాలి సార్" అన్నారు. ఫీజు తీసుకున్నారు.

నేను వాకబు చేసినంతలో, ఈ జబ్బుకి తెలుగులో నడిచే గ్రూపు నాకొక్కటీ దొరకలేదు. "మనవాళ్ళు అలా పరాయివాళ్ళ ముందు కూర్చుని చెప్పుకోరండీ" అన్నారు అడిగినవాళ్ళంతా. ఈ మాట ఆంధ్రదేశంలో ఎవరైనా ఎలా అనగలరో నాకు అర్థం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ, మొగుళ్ళ తాగుడు గురించి ఒకరికొకరు చెప్పుకున్నారు. అప్పటిదాకా ఎవరింటి గుట్టు వాళ్ళిల్లు దాటలేదు. ఆ బడిలోంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. ఆ తర్వాత వ్యాపించిన డ్వాక్రా సంఘాల్లో పది పదిహేను మంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఎవరి అప్పెంతో, ఎవరు వాయిదా కట్టలేదో మొహమ్మీదే మాట్లాడుకుంటున్నారు. పరువు పోయే సంగతుల్లో అప్పుని మించింది మన దగ్గర ఏముంది?

గుట్టు దాగదన్న భయం మాత్రం నిజమైనదే. భీమవరంలో గ్రూపు పెడితే నేనూ వెళ్ళను. మెట్లెక్కుతుండగా మా మేత వ్యాపారి ఎదురైతే సాయంత్రానికి గునుపూడి దాకా తెలుస్తుంది. ఏలూరులోనో విజయవాడలోనో పెడితే వెళతాను. మొహం కనపడే వీడియోలో పెట్టినా కూర్చుంటాను.

ఖర్చు మాటెత్తేవాళ్ళకి ఒక పాత సంగతి. గ్రూపు వైద్యానికి ఆద్యుడని చెప్పుకునే జోసెఫ్ ప్రాట్ మానసిక డాక్టరు కాదు. 1905లో బోస్టన్‌లో, శానిటోరియం ఖర్చు భరించలేని క్షయ రోగుల్ని ఒక గదిలో వారం వారం కూర్చోబెట్టాడు. డబ్బు లేకపోవడం వల్లే ఈ పద్ధతి పుట్టింది. సైకాలజిస్టులు తక్కువగా ఉన్న మన దేశానికి, ఒక్కో రోగికీ ఒక్కో మనిషి గంట గంట కేటాయించడం కంటే ఇదే నప్పుతుంది. మానసిక జబ్బుకి ప్రభుత్వ వైద్యం పొందడం హక్కని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. హక్కు ఉన్నప్పుడు గది కూడా ఉండాలి కదా.

కాబట్టి రెండు రాష్ట్రాల వైద్య శాఖల్నీ నేను అడిగేది కొత్త ఆసుపత్రి కాదు. విశాఖలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి, బోధనాసుపత్రుల్లో మానసిక విభాగాలున్నాయి. వాటిలో ముందు నాలుగైదు చోట్లయినా, వారానికోసారి, గంటన్నర, తెలుగులో ఈ గ్రూపు నడపండి. ఆవకాయ గురించి, అత్తగారి మారు వడ్డన గురించి, కార్తీక సోమవారం ఉపవాసం గురించి మాట్లాడుకోవడానికి వీలుండాలి. నేను బర్మింగ్‌హామ్‌లో పూతరేకు అంటే ఏమిటో వివరించడానికే ఒక పూట పోగొట్టుకున్నాను. నడపడానికి ఒక సైకాలజిస్టు, తోడుగా శిక్షణ పొందిన ఒక నర్సు చాలు. ఆ గదిలో బరువు తూచే మిషను మాత్రం పెట్టకండి. షుగరు క్లినిక్కుల్లో, మోకాళ్ళ డాక్టర్ల దగ్గర, పొట్ట ఆపరేషన్లు చేసేచోట ఆ ఒక్క ప్రశ్న అడగడం తప్పనిసరి చెయ్యండి. దానికి పైసా ఖర్చు లేదు.

అవన్నీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇది చదువుతూ మీ కారు డిక్కీయో, బీరువాలో చీరల వెనక దాచిన డబ్బానో గుర్తొచ్చినవాళ్ళు 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ నంబరది. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బరువు తగ్గాలని కాకుండా, తినడం మొదలుపెడితే ఆపలేకపోతున్నానని చెప్పండి.